గుర్రాల సినిమాల్లో నేర్చుకున్న ఇంగ్లీషు

"కమ్ హియర్," అంది సిస్టర్. మెల్లగా, నవ్వుతూనే అంది. బల్ల మీద బొమ్మల పుస్తకం తెరిచి ఉంది. అందులో ఆవును చూపించి పేరు అడగడానికే పిలిచింది. నా కూతురు కుర్చీ దిగి కొంచెం ముందుకు వెళ్లి ఆగింది. రెండు చేతులూ భుజాల పైదాకా ఎత్తి, అరచేతులు సిస్టర్ వైపు తిప్పి, కళ్లు గట్టిగా మూసుకుంది.

చేతులు ఎత్తినందుకు నేను కంగారుపడలేదు. అది మా ఇంట్లో రోజూ ఉండేదే. నన్ను భయపెట్టినవి ఆ మూసుకున్న కళ్లు. ఇంట్లో కూడా ఇలాగే మూసుకుంటుందా అని ఆ క్షణంలోనే మనసులో వెతుక్కున్నాను. మూసుకుంటుంది. నేను రోజూ చూస్తున్నాను. చూస్తూ, శ్రద్ధగా గుర్తు తెచ్చుకుంటోందని అనుకుంటున్నాను. సిస్టర్ చేతిలో పెన్ను కాగితం మీద కదలకుండా ఆగింది. ఏదో జరగబోతోందని నాకు అప్పుడు తెలిసింది. ఒళ్లో ఉన్న మూడేళ్ల కొడుకును ఎందుకో ఇంకా దగ్గరికి లాక్కున్నాను.

అది సిస్టర్లు నడిపే ఇంగ్లీషు మీడియం స్కూలు. ఒకటో తరగతిలో సీటు కోసం వెళ్లాం. ఆ సీటు నాకు ఎంత కావాలో చెప్పాలంటే, నాకు ఇంగ్లీషు ఎలా వచ్చిందో ముందు చెప్పాలి.

మా నాన్న పోర్టులో వించి డ్రైవరు. ఓడ అడుగు నుంచి బస్తాలనూ పెట్టెలనూ ఇనుప తాడుతో పైకి లాగి ఒడ్డున దించే యంత్రం ఆయన చేతి కింద నడిచేది. ఓడ మీది ఆఫీసర్లు ఏ దేశం వాళ్లైనా ఇంగ్లీషులోనే కేక వేసేవారు. ఎత్తు, దించు, ఆపు. ఒక్కొక్కసారి ఒక్క మాటే. అది చెవిన పడీ పడగానే చెయ్యి కదలాలి. కదలకపోతే కింద నిలబడ్డ ఎవడి తల మీదో బరువు పడుతుంది. అలాంటి చోట నేర్చుకున్నాడు కాబట్టి, ఇంగ్లీషంటే గట్టిగా, పొట్టిగా, ఎదుటివాడు ఆలోచించుకునే వీలు లేకుండా అనేది అని మా నాన్న లెక్క.

"మన మాటైతే నసుక్కోవచ్చు తల్లీ," అనేవాడు నాతో. "ఇంగ్లీషు నసిగితే పనికిరాదు. ఎల్లి తగలాల."

అందుకే ఆయనకి కౌబాయ్ సినిమాలు నచ్చాయి. గుర్రాల సినిమాలు అనేవాడు. మా ఊరి పాతపట్నంలో ఒక హాల్లో ఆదివారం ఉదయం ఆటకి ఇంగ్లీషు సినిమాలు వేసేవారు. అప్పటికే అవి బాగా పాతవి. రీలు మీద గీతలు పడి, ఎండలో నడిచే కథలో కూడా ఎప్పుడూ వాన కురుస్తున్నట్టే ఉండేది. బాల్కనీలో ఓడల వాళ్లు, నేవీ వాళ్లు. కింద బెంచీల మీద పోర్టు కూలీలు, బజారులో చిన్న కొట్లవాళ్లు. నాన్న తన గేంగు మనుషుల మధ్య కూర్చునేవాడు. నేను ఆయన పక్కన. ఆడపిల్లను ఇలాంటి హాలుకి తీసుకెళతావా అని మా అమ్మ గొణిగేది. అది ఇంగ్లీషు చదువు, సినిమా కాదు అని నాన్న జవాబు.

ఆ బెంచీలో ఇంగ్లీషు వచ్చినవాడు నాన్న ఒక్కడే అని అందరి నమ్మకం. తెర మీద ఎవడైనా నోరు తెరవడం ఆలస్యం, వెనక నుంచి ఒకాయన నాన్న భుజం తట్టేవాడు.

"ఆడేటంటన్నాడు బావా?"

"ఊరొగ్గి ఎల్లిపోమంటన్నాడు. ఈడు ఎల్డు."

"ఎందుకెల్డు?"

"ఎల్లిపోతే సినిమా అయిపోద్ది కదేటి. ఇంటికెల్లి ఏటి సేత్తావు నువ్వు?"

బెంచీ బెంచీ అంతా నవ్వేది. నాన్నకి అర్థం కాని చోట కూడా ఆయన ఆగేవాడు కాదు. ఓడల వాళ్లు నవ్విన తరువాత తను నవ్వి, మిగతావాళ్లను నవ్వించేవాడు. అది నేను పదో తరగతికి వచ్చాక కనిపెట్టాను. కనిపెట్టినా ఏమీ అనలేదు. హాలు బయటికొచ్చి పూర్ణా మార్కెట్ మీదుగా నడిచి వచ్చేటప్పుడు, ఆ రోజు విన్న మాటల్ని ఆయన నా చేత పలికించేవాడు. జీను, తాడు, నుయ్యి, దుమ్ము, కొట్టాం, శవపేటిక. వీటన్నిటికీ ఇంగ్లీషు నాకు పన్నెండేళ్లకే వచ్చు. ఎవరు నువ్వు, ఎక్కడికెళుతున్నావు, కదలకు, మెల్లగా ఇటు తిరుగు, ఇదే నీకు ఆఖరి అవకాశం. ఇవన్నీ సినిమావాడు పలికినట్టే పలికేదాన్ని. నేను సరిగ్గా పలికితే ఆయన నడిరోడ్డు మీద రెండు చేతులూ పైకెత్తేసి, నన్ను చూసి భయపడిపోయినట్టు నటించేవాడు. బేరాలు చేస్తున్న ఆడవాళ్లు తిరిగి చూసేవారు. నాకు నవ్వాగేది కాదు. ఆ ఆటలో ఓడిపోయేది ఎప్పుడూ ఆయనే.

స్కూల్లో మాది తెలుగు మీడియం. ఇంగ్లీషు పాఠాన్ని కూడా మాష్టారు తెలుగులోనే చెప్పేవారు. అందుకని నోటితో పలికే ఇంగ్లీషు అన్నది నాకు ఆ హాల్లో దొరికిందే. కాలేజీలో చేరిన కొత్తలో ఒకరోజు ఇంగ్లీషు లెక్చరరు గాలికి కొట్టుకుంటున్న కిటికీ రెక్క వెయ్యమని నాకు చెప్పారు. వేస్తానండీ అనడానికి నాకు తెలిసిన ఇంగ్లీషు మాట, సినిమాలో గుర్రం దిగినవాడు అనే "యప్" ఒక్కటే. అదే అన్నాను, వాడి యాసతోనే అన్నాను. లెక్చరరు నవ్వు ఆపుకోవడానికి పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నారు. కాన్వెంట్లలో చదివి వచ్చిన అప్‌లాండ్స్ పేట పెద్దిళ్ల అమ్మాయిలకి ఆ అవసరం కూడా లేకపోయింది. ఆ తరువాత వరండాలో ఎదురుపడ్డప్పుడల్లా ఒకమ్మాయి ఎంతో మర్యాదగా అడిగేది, "ఏమ్మా, గుర్రాన్ని ఎక్కడ కట్టేసి వచ్చావు?" అని. బి.ఏ. పూర్తయ్యేదాకా నేను క్లాసులో ఇంగ్లీషు నోటితో పలకలేదు. పరీక్షల్లో రాసి గట్టెక్కాను. ఆదివారం ఉదయాలు నాన్న చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడితే, తలనొప్పి అనేదాన్ని. కొన్నాళ్లకి ఆయన పిలవడం మానేశాడు.

పెళ్లయ్యాక గోపాలపట్నంలో రెండు గదుల వాటాలో కాపురం పెట్టాం. మా ఆయన స్టీల్‌ప్లాంటు కట్టుబడి పనుల్లో సూపర్‌వైజరు. తెల్లారి వెళ్లి చీకటి పడ్డాక ఎర్ర దుమ్ముతో వస్తారు. ప్లాంటు పని కోసం దేశం నలుమూలల నుంచీ మనుషులు వచ్చి చుట్టుపక్కల దిగడం మొదలయ్యాక, మా వీధి పిల్లలందరూ ఒకళ్ల తరువాత ఒకళ్లు టై కట్టుకుని రిక్షా ఎక్కసాగారు. మా పిల్ల గుమ్మంలో నిలబడి ఆ రిక్షాను చూసేది. దాని కంటే నేను ఎక్కువ చూసేదాన్ని. కాలేజీ వరండాలో నన్ను అడిగిన ప్రశ్న నా కూతుర్ని ఎవరూ అడగకూడదు. నాకున్న కోరికల్లా అదే. సిస్టర్ల స్కూల్లో తల్లితోనూ పిల్లతోనూ ఇంగ్లీషులో మాట్లాడి చూస్తారని, బెదిరిన పిల్లకి సీటు ఇవ్వరని పక్క వాటా ఆవిడ చెప్పింది. ఆ మాట విన్న రోజు నుంచి నాకు తిండి సయించలేదు.

ఇంట్లో ఇంగ్లీషు మొదలుపెట్టాను. మొదలుపెట్టాక తెలిసింది, నా దగ్గర ఉన్న ఇంగ్లీషు ఎలాంటిదో. గుర్రపు జీనుకి నాకు మాట ఉంది, జల్లెడకి లేదు. శవపేటికకి ఉంది, గరిటెకి లేదు. అన్నం తిను తల్లీ అని ముద్దుగా అనడానికి నాకు ఒక్క మాట రాదు. కదలకు అనడం వచ్చు. నిజం చెప్పు అనడం వచ్చు. పుస్తకాలు చూసి కొన్ని ప్రశ్నలు, జవాబులు రాసుకున్నాను గానీ, నోరు తెరిస్తే గొంతు మాత్రం ఆ సినిమాలదే వచ్చేది. పొట్టిగా, గట్టిగా.

చేతులెత్తడం మొదట్లో ఆటే. అన్నానికి కూర్చునే ముందు "హేండ్స్ అప్" అనేదాన్ని. పిల్లలిద్దరూ కిలకిలమంటూ చేతులు ఎత్తేవారు. కడుక్కున్నారో లేదో అరచేతులు చూసి, ముద్ద పెట్టేదాన్ని. ఇంటర్వ్యూ దగ్గర పడేకొద్దీ నా ఆత్రం పెరిగింది. నీ పేరేమిటి, మీ నాన్నగారు ఏం చేస్తారు, ఇది ఏ రంగు. జవాబు తప్పితే మళ్లీ అడిగేదాన్ని. మళ్లీ తప్పితే ఎత్తిన అరచేతి మీద స్కేలుతో ఒకటి. గట్టిగా కాదు అని నాకు నేను చెప్పుకునేదాన్ని. ఒకసారి కూతురి చేతికి స్కేలు అంచు గీసుకుంది. ఆ రోజు పసుపు రాసి, తెలుగులో బతిమాలి, బెల్లం ముక్క చేతిలో పెట్టాను. మర్నాడు పొద్దున్న పంపు నీళ్లు పట్టడం కాగానే పాఠానికి మళ్లీ చాప వేశాను.

కొన్నాళ్లకి నేను ఏ ఇంగ్లీషు మాట అన్నా సరే, అది చేతులు ఎత్తేది. రంగు అడిగినా ఎత్తేది, కూర్చోమన్నా ఎత్తేది. ఇంగ్లీషు వినగానే కదులుతోంది కదా, అంటే అర్థమవుతోందని నేను సంతోషపడ్డాను. ఇది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, కానీ నిజం. మా అమ్మాయికి ఇంగ్లీషులో చెబితే ఎంత చప్పున వింటుందో, అని పక్క వాటా ఆవిడతో గొప్పగా చెప్పుకున్నాను కూడా. మా ఆయన ఒకసారి, ఎందుకే దాన్నలా నిలబెడతావు అన్నారు. మీకు తెలీదు, ఊరుకోండి అన్నాను. ఆయన ఊరుకున్నారు. చదువు విషయంలో మా ఇంట్లో నా మాటే చెల్లుతుంది, నేను బి.ఏ. కాబట్టి.

సిస్టర్ గదిలో నా కూతురు అలా నిలబడే ఉంది. నేను నవ్వు తెచ్చిపెట్టుకుని, అది ఒక ఆట సిస్టర్, ఇంట్లో ఆడుకుంటాం అని ఇంగ్లీషులో అన్నాను. నా గొంతు వినగానే ఆ చిన్న చేతులు ఇంకొంచెం పైకి లేచాయి. సిస్టర్ అది చూసింది. నా వైపు తిరగలేదు. బల్ల వెనక నుంచి లేచి వచ్చి, దాని ముందు నేల మీద కూర్చుంది. ఆవిడ కేరళ మనిషి. తెలుగు వచ్చు గానీ ఒక్కొక్క మాటా విడివిడిగా పలుకుతుంది.

"చేతులు దించు అమ్మా. ఇక్కడ ఎవరూ నిన్ను కొట్టరు," అంది తెలుగులో.

నా కూతురు ఒక కన్ను తెరిచి చూసింది. చేతులు దించింది కానీ, వెనక్కి పెట్టుకుంది.

"అమ్మ కొడుతుందా?"

అది ముందు నా వైపు చూసింది. చెప్పవద్దని నేను సైగ చేశానేమో కూడా నాకు తెలియదు. చేసే ఉంటాను. తరువాత అది ఎంతో న్యాయంగా, నా మీద నింద పడకుండా చూడాలన్నట్టు చెప్పింది.

"తెలుగులో కొట్టదండి. ఇంగ్లీషు మాటాడినప్పుడే కొడతాది."

గది బయట ఆయా ఎవరో నవ్వారు. సిస్టర్ నవ్వలేదు. నా ఒళ్లో పిల్లవాడు అక్కను చూసి తన రెండు చేతులూ పైకెత్తి, చూడమన్నట్టు సిస్టర్‌కి చూపించాడు. వాడికి ఇంకా అది ఆటే. వాడి చేతులు పట్టుకుని కిందికి దించుతుంటే, ఆ గదిలో నేల ఎక్కడైనా చీలితే బాగుండునని అనిపించింది. ఒకప్పుడు కాలేజీలో పడ్డ సిగ్గు ఈ సిగ్గు ముందు ఎంత చిన్నదో. అప్పుడు నన్ను చూసి నవ్వింది పరాయివాళ్లు. నాకు రానిదాన్ని చూసి నవ్వారు. ఇప్పుడు నాకు వచ్చినదాన్నే నా పిల్ల ఒక్క ముక్కలో చెప్పేసింది. ఎవరి మీదికీ నెట్టడానికి వీల్లేదు. సినిమాల మీదికి నెట్టలేను. మా నాన్న మీదికి అసలే నెట్టలేను. ఆయన ఆ మాటలతో నన్ను ఎప్పుడూ నవ్వించాడే తప్ప ఏడిపించలేదు.

సిస్టర్ నన్ను మందలిస్తుందని ఎదురుచూశాను. మందలిస్తే కొంత తేలికయ్యేది. ఆవిడ లేచి కుర్చీలో కూర్చుని, ఇవాళ సీటు గురించి ఏమీ చెప్పలేనని, సోమవారం పిల్లను మళ్లీ తీసుకురమ్మని, అప్పుడు పిల్లతో తను ఒక్కతే మాట్లాడుతుందని, ఈలోగా ఇంట్లో ఏమీ నేర్పవద్దని చెప్పింది. అంతా తెలుగులోనే చెప్పింది. నేను ఫారంలో బి.ఏ. అని రాసి ఉన్నా, నాతో కూడా తెలుగులోనే చెప్పింది.

బస్సులో నా కూతురు కిటికీ పక్కన కూర్చుని, బయటికి చూడలేదు. కాన్వెంటు జంక్షను దాటాక చాలా చిన్న గొంతుతో, "ఇంటికెల్లాక కొడతావేటి?" అని అడిగింది. లేదన్నాను. నమ్మినట్టు కనిపించలేదు. ఇల్లు చేరగానే తమ్ముణ్ని తీసుకుని పెరట్లోకి పోయి, నేను పిలిచేదాకా రాలేదు. పిలిచినప్పుడు వచ్చింది కానీ, నాకు చెయ్యి అందేంత దూరంలోకి రాలేదు. అన్నం పళ్లెం గుమ్మం దగ్గరికి లాక్కుని తింది. సీటు రాకపోతే ఏమిటన్న భయం అప్పటిదాకా నన్ను పట్టుకుని ఉండేది. దాని చోటులో ఇంకొకటి వచ్చి కూర్చుంది. నా కూతురు ఇంక ఎప్పటికీ నన్ను ఇలాగే, ఇంత దూరం నుంచే చూస్తుందేమో.

సాయంత్రం మా ఆయన వచ్చి, కాళ్లు కడుక్కుంటూనే ఏమైందని అడిగారు. నేను పొయ్యి వైపు తిరిగి, సోమవారం మళ్లీ రమ్మన్నారు, పిల్ల బెదిరిపోయి ఏమీ చెప్పలేదు అన్నాను. ఆ అబద్ధం అంత సులువుగా ఎలా వచ్చిందో నాకే తెలియదు.

ఆయన కోప్పడలేదు. పిల్లను దగ్గరికి పిలిచి, "ఏటే గుంటా, ఇంట్లో గంపెడు కబుర్లు సెప్తావు. అక్కడ నోట్లో ఏటెట్టుకున్నావు?" అని నెత్తి మీద చిన్నగా మొట్టారు.

నేను తిరిగి చూశాను. చెప్పేస్తుందనుకున్నాను. చెప్పవలసింది దానికి ఉంది, చెప్పడానికి మనిషీ ఎదురుగా ఉన్నాడు. అది తల వంచుకుని, కాలి బొటనవేలితో గచ్చు గీకుతూ, "మర్సిపోనాను నాన్నా," అంది. నా అబద్ధాన్ని అది తన మీద వేసుకుంది. ఐదేళ్ల పిల్ల. నన్ను కాపాడాలని అలా అందో, నాకు భయపడి అందో ఇది రాస్తున్న ఈ రాత్రి కూడా నాకు తెలియదు. రెండింటిలో ఏదైనా నేను తలెత్తుకోలేను.

మర్నాడు పొద్దున్న నేను చాప వెయ్యలేదు. అలవాటు కొద్దీ పిల్లలిద్దరూ తామే వేసుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. మా ఆయన వాకిట్లో అద్దం ముందు గెడ్డం గీసుకుంటున్నారు. ఆయనకి వినబడేలా చెప్పాలనే, కొంచెం గొంతు పెంచబోయి, పిల్ల భుజాలు బిగుసుకోవడం చూసి మళ్లీ తగ్గించాను. చాప మీద వాళ్ల ఎదురుగా కూర్చున్నాను. రాత్రంతా వెతుక్కున్న మాటలేవీ ఆ సమయానికి గుర్తు రాలేదు.

"ఇంక నాను మీకు ఇంగ్లీషు సెప్పను," అన్నాను. "ఎందుకంటే నాకు మంచిగా సెప్పడం రాదు. మిమ్మల్ని కొట్టడం తప్పు. ఆ తప్పు నాది, మీది కాదు."

కొడుకు, మరి ఆట ఎవరు ఆడతారని అడిగాడు. వాకిట్లో గెడ్డం గీసుకుంటున్న చప్పుడు ఆగింది.

"నిన్న నాన్నతో నువ్వు మర్సిపోయావని సెప్పావు. నువ్వు మర్సిపోలేదు. సిస్టరు అడిగితే నిజం సెప్పావు. నాన్న దగ్గర అబద్ధం ఆడింది నాను," అన్నాను దాని మొహం చూస్తూ. "సోమవారం నాడు ఆవిడ మళ్లీ అడుగుతాది. నాను గదిలో ఉండను. సీటు వస్తాదో రాదో అని సూడకు. అప్పుడూ అదే సెప్పు."